నల్లబీ ఇటలీ కాగితాలు

కరీమున్‌కి కుళ్లు ఎక్కువ. ఈ మాట నాది కాదు, ఆమె తన గురించి తానే చెప్పుకునేది. "నాకు కుళ్లు జాస్తి బాబూ, చిన్నప్పట్నించీ అంతే" అని, కూరలో కాస్త ఉప్పెక్కువ తింటానని చెప్పినంత మామూలుగా అనేది.

చీమకుర్తిలో మా గ్రానైట్ కంపెనీకి ఒక గెస్ట్ హౌస్ ఉండేది. అందులో ఆమె వంటమనిషి. నేను ఆఫీసులో ఎగుమతి కాగితాలు చూసే గుమాస్తాని. పెళ్లి కాలేదు కాబట్టి మధ్యాహ్నం భోజనం అక్కడే. నాకు వడ్డిస్తూ ఆమె తన బతుకంతా ముక్కలు ముక్కలుగా చెప్పింది. పుట్టింది ఇంకొల్లు దగ్గర పల్లె. ఒక్క అక్క, జహీరున్నీసా. ఎర్రగా ఉండేదట. కొత్త ఊరగాయ జాడీ తీసిన రోజు, కలిపిన మొదటి ముద్ద అమ్మ అక్కకే పెట్టేదట. నలభై ఏళ్లు దాటినా ఆ ముద్ద సంగతి చెబుతుంటే కరీమున్ గొంతు మారిపోయేది. అక్కని సొంత పొలం ఉన్న రైతుకిచ్చారు. ఈమెని క్వారీలో డ్రిల్లింగు చేసే సిలార్‌కిచ్చారు. సిలార్ మంచివాడే. పదిహేనేళ్లు రాతిపొడి మింగి, రెండు వేల రెండులో దగ్గుతూ దగ్గుతూ పోయాడు. పిల్లల్లేరు. మా మేనేజరు యలమందయ్యగారు జాలిపడి ఆమెని గెస్ట్ హౌస్ వంటకి పెట్టారు.

రెండు వేల నాలుగు వానాకాలంలో గెస్ట్ హౌస్ వెనక పాత లారీ టైర్ల మధ్య ఒక పిల్లి పిల్లల్ని పెట్టింది. తల్లిని లారీ తొక్కేసింది. మూడు పిల్లలు చచ్చిపోయాయి. నాలుగోది నల్లటి ఆడపిల్ల. కరీమున్ గుడ్డపీలిక పాలలో ముంచి దాని నోట్లో పెట్టి బతికించింది. నల్లబీ అని పేరు పెట్టింది. యలమందయ్యగారికి పిల్లి ఎదురొస్తే పడదు, అందులోనూ నల్లపిల్లి. అది అడ్డం వచ్చిన రోజు జీపు దిగకుండా ఐదు నిమిషాలు కూర్చుని, మంచినీళ్లు తాగి అప్పుడు కదిలేవారు. గోనెసంచిలో వేసి పొదిలి అవతల వదిలి రమ్మని డ్రైవరుకి చెబితే, దాంతో పాటు నన్నూ వదిలి రమ్మనండి అని కరీమున్ వంటింటి గుమ్మంలో నిలబడిందట. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఏడాదిన్నర పాటు ఆ పిల్లికి కరీమున్ తప్ప వేరే లోకం లేదు. ఆమె ఉల్లిపాయలు కోస్తుంటే కిటికీ గట్టు మీద, నమాజు చేస్తుంటే చాప అంచున కూర్చునేది. సాయంత్రం పని అయ్యాక ఆమె వెనకే ఆమె ఉండే కూలీల కాలనీకి నడిచివెళ్లి, తెల్లారి ఆమె వెనకే వచ్చేది.

రెండు వేల ఆరు జనవరిలో ఇలారియా వచ్చింది. ఇటలీలో వెరోనా దగ్గర రాళ్ల వ్యాపారం చేసే కంపెనీ మనిషి. ముప్పై అయిదేళ్లుంటాయి. పొద్దున్నే బూట్లేసుకుని క్వారీకి వెళ్లి, బ్లాకు మీద నీళ్లు పోయించి, సన్నటి పగుళ్లు ఉన్నాయేమో చేత్తో తడిమి చూసి, నచ్చినదాని మీద రంగుతో గుర్తు వేసేది. పది నెలల పాటు గెస్ట్ హౌస్‌లోనే ఉండాలని ఆమె ఒప్పందం. వచ్చిన వారానికే పిల్లిని చూసి ముచ్చటపడింది. వాళ్ల భాషలో నలుపుని ఏమంటారో అదే పేరుగా పెట్టి "నేరా, నేరా" అని పిలిచేది.

అప్పుడు ఎండలు మొదలయ్యాయి. చీమకుర్తి ఎండ అంటే రాళ్ల మీంచి లేచి ముఖాన కొట్టే ఎండ. ఇలారియా గదిలో ఏసీ ఉంది. చెన్నై నుంచి తెప్పించిన పిల్లుల తిండి డబ్బాలున్నాయి. నల్లబీ మెల్లగా ఆ గది మరిగింది.

కరీమున్ తట్టుకోలేకపోయింది. అప్పటిదాకా మిగిలిన చేపల తలలు వేసేది కాస్తా, పిల్లి కోసం ప్రత్యేకంగా చిన్న చేపలు వేయించడం మొదలుపెట్టింది. పాల మీగడ తీసి దానికే దాచేది. దాంతో మా పెరుగు పల్చబడింది. నల్లబీ వచ్చి మీగడంతా నాకి, మూతి తుడుచుకుని, తిన్నగా ఇలారియా గదికి పోయి తలుపు గీరేది. లోపలి నుంచి తలుపు తెరుచుకునేది. కరీమున్ చేతిలో అట్లకాడతో అలా చూస్తూ నిలబడేది. ఒకసారి నాతో, "నా దగ్గర మేత, దాని దగ్గర పడక. ఇట్టాంటి మొగుళ్లని చూశాను గానీ పిల్లిని చూడలేదు" అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆ రోజు ఇలారియా చారులో మిరియాలు గుప్పెడు పడ్డాయి.

జూలైలో ఇలారియా ఒక కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. అక్టోబరుకల్లా తను ఇటలీ వెళ్లిపోతున్నానని, నేరాని కూడా తీసుకెళ్తానని, ఏమేం కావాలో ఇందులో ఉందని, సాయం చేయమని అడిగింది. మేనేజరుగారు "పీడా పోతుంది, చేసిపెట్టు" అన్నారు. పిల్లి ఎవరిదని ఆమె అడగలేదు. గెస్ట్ హౌస్ పిల్లి అనుకుంది. మేమూ చెప్పలేదు. నిజం చెప్పాలంటే నాకూ ఆ ప్రశ్న తట్టలేదు.

రాళ్లకి కాగితాలు తయారుచేయడం నాకు అలవాటే. ముప్పై టన్నుల బ్లాకు ఓడ ఎక్కించడానికి కూడా ఇంత తతంగం లేదు. ముందు పిల్లి మెడ దగ్గర చర్మం కింద బియ్యపుగింజంత చిప్పు పెట్టించాలి. దానికి పదిహేను అంకెల నంబరుంటుంది. ఆ తర్వాతే కుక్కకాటు జబ్బు టీకా వేయించాలి. టీకా వేసిన ముప్పై రోజులకి రక్తం తీయించి, యూరప్ దేశాలవాళ్లు ఒప్పుకున్న ల్యాబుకే పంపాలి. టీకా బాగా పట్టిందని వాళ్లు రాసివ్వాలి. పట్టిందన్నా వెంటనే పంపడానికి లేదు. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. ఆపైన ప్రయాణానికి ముందు డాక్టరు సర్టిఫికెట్టు, చెన్నైలో జంతువుల క్వారంటైన్ ఆఫీసువాళ్ల ముద్ర, విమానంవాళ్లు చెప్పిన కొలతల పెట్టె. యజమాని పేరు అనే చోట ఇలారియా తన పేరు రాసింది.

ఆగస్టు మొదటివారంలో ఒంగోలు నుంచి పశువుల డాక్టరు జ్యోతిర్మయిగారిని పిలిపించాం. నల్లబీ ఇలారియా చేతుల్లో ఆగలేదు, డాక్టరమ్మ చేతిని రక్తం వచ్చేలా గీరింది. చివరికి కరీమున్‌ని పిలవాల్సి వచ్చింది. ఆమె తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి ఒళ్లో కూర్చోబెట్టుకోగానే పిల్లి కళ్లు మూసుకుంది. ఆ క్షణంలో కరీమున్ ఇలారియా వంక చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే. ఎన్నికల్లో గెలిచినవాళ్లు అలా చూస్తారు.

డాక్టరమ్మ చిప్పు పెట్టి, మిషను దగ్గర పెడితే అంకెలు కనపడ్డాయి. రాతికి నంబరేసినట్టు దీనికీ నంబరేశారా అని కరీమున్ అడిగింది. అప్పుడే నేను విషయం విడమరిచి చెప్పాను. ఆమెకి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. టీకా అయ్యేదాకా పిల్లిని పట్టుకుని, లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

సెప్టెంబరులో రక్తం తీసిన రోజు కూడా ఆమే పట్టుకుంది. సన్నటి సీసా, దాని చుట్టూ ఐసు, ఆ డబ్బా చెన్నై వెళ్లి అక్కణ్ణుంచి విమానంలో ఇటలీ పోతుందని నేను డ్రైవరుకి చెబుతుంటే ఆమె వింటోంది. డాక్టరమ్మ వెళ్లాక నా దగ్గరికి వచ్చింది.

"సిలారుకి నెత్తురు పడుతుంటే ఒంగోలు ఆసుపత్రిలో టీబీ అని రాసి బిళ్లలిచ్చి పంపారు బాబూ. గుంటూరు తీసకపోయి చూపియ్యమని ఒక్కళ్లు చెప్పలేదు. దీని నెత్తురు చూడు, విమానమెక్కి పోతంది."

నేను ఫైలు సర్దుకున్నాను.

అక్టోబరు చివర్లో ఇలారియా వెళ్లిపోయింది. రక్తం పరీక్ష బాగా వచ్చింది గానీ, మూడు నెలల గడువు తీరలేదు కాబట్టి పిల్లి ఇక్కడే ఉండిపోయింది. డిసెంబరు మూడోవారంలో వాళ్ల కంపెనీ మనిషి ఇంకొకాయన చెన్నై మీదుగా వెనక్కి వెళ్తాడు, నేరాని అతని చేతికి అప్పగించాలని ఏర్పాటు. అంటే కరీమున్‌కి రెండు నెలలు దొరికాయి. పిల్లి మళ్లీ తనదైపోతుందని ఆమె అనుకుంది. చేపలు వేయించింది, మీగడ పెట్టింది. నల్లబీ తినేది. తిన్నాక పోయి తాళం వేసిన గది ముందు పడుకునేది. ఆ తలుపు కింద సందులో ముక్కు పెట్టి వాసన చూసేది. కరీమున్ దాన్ని ఎత్తుకొచ్చేది, అది మళ్లీ పోయేది. ఒకరోజు ఆమె ఆ గుమ్మం అంతా ఫినాయిలు పోసి కడిగింది. అయినా పిల్లి పోయి తడినేల మీదే కూర్చుంది.

ప్రయాణం ఇంక రెండు రోజులుందనగా పొద్దున్నే కరీమున్ కళ్లెర్రగా చేసుకుని వచ్చి, నల్లబీ కనపడటంలేదంది. కాలనీ అంతా వెతికించాం. క్వారీ గుంటల దాకా మనుషుల్ని పంపాం. లారీలు తిరిగే రోడ్డు, తల్లి పోయిన చోటే పిల్లా పోయి ఉంటుందని అందరూ అన్నారు. నేను ఇలారియాకి మెయిలు రాశాను. ఆమె ఫోను చేసింది. ఏడుస్తూ మాట్లాడేసరికి ఇంగ్లీషు సగం అర్థం కాలేదు. ఫోటో పంపి, అది చూపించి ఊళ్లో అడగమంది. ఆ తర్వాత ప్రతి సోమవారం ఒక మెయిలు వచ్చేది. ఏమైనా తెలిసిందా అని ఒకే వాక్యం. వచ్చినప్పుడల్లా ఆ సంగతి కరీమున్‌కి చెప్పేవాణ్ణి. ఆమె చాలా శ్రద్ధగా వినేది. ఆ నెలల్లో వంట కూడా రుచిగా చేసిందని గుర్తు.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం సాయంత్రం ఆమె నా గదికి వచ్చింది. చేతిలో మూత కట్టిన గంప ఉంది. లోపల నల్లబీ.

జరిగింది ఆమే చెప్పింది. డిసెంబరులో ఆ రాత్రి పిల్లిని గంపలో పెట్టుకుని, మొదటి బస్సుకి ముందే ఇటుకల ట్రాక్టరు పట్టుకుని ఒంగోలు చేరి, చెల్లెలి కొడుకు వరసయ్యే ఖాజావలి చేత ఇంకొల్లు పక్క పల్లెకి, అక్క ఇంటికి పంపేసింది. ఎలకలు పడుతుంది, ఉంచుకోమని కబురు పెట్టింది. అక్కంటే పడకపోయినా వేరే దిక్కు లేదు. దొరసానికి దక్కకుండా చేశానన్న తృప్తితో మూడు నెలల పైనే గడిపింది. ఎవరైనా అనుమానిస్తారని పల్లెకి వెళ్లలేదు.

ఆ ఆదివారం ఆగలేక వెళ్లింది. మిరపకాయల కాలం. కళ్లంలో ఎర్రగా కాయలు ఆరబోసి ఉన్నాయి. ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలుకాయలు ఏరుతూ తుమ్ముతున్నారు. వాళ్ల మధ్యలో జహీరున్నీసా. ఆమె ఒళ్లో నల్లబీ, కాళ్లు బార చాపుకుని పడుకుని ఉంది.

"నల్లబీ అని పిలిచాను బాబూ. తల ఎత్తి చూసింది. గుర్తుపట్టింది, నాకు తెలుసు. చూసి మళ్లీ తల పెట్టుకుంది. మా అక్క నవ్వి, దీని పేరు చిట్టి, నల్లబీ అంటే పలకదు అని చెప్పింది."

ఇక అక్కడ ఒక్క గంట కూడా ఉండలేకపోయిందట. అన్నం తిని పొమ్మంటున్నా వినకుండా పిల్లిని లాక్కుని గంపలో పెట్టుకుంది. జహీరున్నీసా బస్సు దాకా వెంట వచ్చి, ఇచ్చినదాన్ని తీసుకుపోతావేమే, నాకు అలవాటైంది అని బతిమాలింది. అక్క తనని బతిమాలడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. అయినా ఆగలేదు. బస్సులో ఒంగోలు దాకా ఆలోచించుకుంటూ వచ్చిందట. కాలనీలో ఉంచుకుంటే అందరూ చూస్తారు. మళ్లీ ఎక్కడ దాచినా అక్కడివాళ్లకి మరుగుతుంది.

"మా అక్క ఒళ్లో ఉండేకంటే ఆ దొరసాని దగ్గర ఉండటమే నయం. ఉత్తరం రాయి."

దొరికిందని రాస్తానన్నాను. వద్దంది. "నేనే దాచానని రాయి. ఎందుకు దాచానో కూడా రాయి."

నేను రాశాను. కరీమున్ చెప్పింది చెప్పినట్టు రాయడానికి గంట పట్టింది. గుడ్డపీలిక, పాలు, మీగడ, ఫినాయిలు, మిరపకళ్లం, అన్నీ. యలమందయ్యగారికి తెలిస్తే ఆమె ఉద్యోగం పోతుందని భయపడి ఆ మెయిలు ఆఫీసులో కాకుండా ఒంగోలులో ఇంటర్నెట్ సెంటరు నుంచి పంపాను. పిల్లి దానంతటదే తిరిగొచ్చిందని మిగతావాళ్లకి చెప్పాం. మెయిలుకి జవాబు వెంటనే రాలేదు. పన్నెండు రోజులకి వచ్చింది. మేలో బ్లాకులు చూడటానికి వారం రోజులు వస్తున్నానని మాత్రమే ఉంది.

టీకా గడువు ఆగస్టు దాకా ఉంది. ఆ లోపల వెళ్తే పాత రక్తపరీక్షే చెల్లుతుంది, గడువు దాటితే మళ్లీ మొదటినుంచి అన్నీ చేయాలి. ఈ మాట నేను కరీమున్‌కి చెప్పాను. అయితే ఆగస్టు దాకా రాకపోతే ఇక నాదే గదా అని ఆమె అడిగింది. వస్తానని రాసిందిగా అన్నాను.

మే నెల రెండోవారంలో ఇలారియా వచ్చింది. సామాను గదిలో పెట్టకుండానే వంటింట్లోకి వచ్చింది. నన్ను వెంట రమ్మంది, మాట అటూ ఇటూ అందించడానికి. నల్లబీ కిటికీ గట్టు మీద ఉంది. ఆమెని చూసి దూకి, కాళ్లకి ఒళ్లు రాసుకుంది. కరీమున్ తల తిప్పుకుని పొయ్యి మంట తగ్గించింది. ఇలారియా పిల్లిని ఎత్తుకోలేదు. నిలబడి అడిగింది.

"పిల్లి నీదని నాకెందుకు చెప్పలేదు?"

నేను తెలుగులో చెప్పాను. కరీమున్ నా వంక కాకుండా ఆమె వంకే చూసి జవాబిచ్చింది. "నువ్వు అడగలేదు గదమ్మా."

నేను ఇంగ్లీషులో చెప్పకముందే ఇలారియాకి అర్థమైనట్టుంది. తర్వాత నెమ్మదిగా, ఇప్పుడు అడుగుతున్నానంది. ఇవ్వడం ఇష్టం లేకపోతే ఇక్కడే ఉంటుంది, కాగితాల్లో పేరు మార్పించి వెళ్తాను, కోపం లేదు. ఆ నెలల్లో మాత్రం నువ్వంటే చాలా కోపం వచ్చేది, ఏ లారీ కింద పడిందో అని రోజూ ఊహించుకునేదాన్ని, అంది. అదంతా నేను చెప్పాను. ఆఖరి ముక్క విని కరీమున్ మొదటిసారి సిగ్గుపడింది.

ఆ రోజు జవాబు చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. ఇలారియా క్వారీకి వెళ్లి వస్తోంది, కరీమున్ వండి పెడుతోంది, పిల్లి ఇద్దరి మధ్యా తిరుగుతోంది. నాలుగో రోజు మధ్యాహ్నం నాకు పప్పు వడ్డిస్తూ, పెట్టె ఎప్పుడు తెస్తారని అడిగింది. నిజంగానే ఇచ్చేస్తావా అక్కా అన్నాను.

"అడిగింది గదా బాబూ. అడక్కుండా తీసకపోతేనే కుళ్లు పుట్టేది. అడిగినాక కూడా కుళ్లుగానే ఉంది. కానీ అప్పుడంత లేదు."

పెట్టెలో తడి పీల్చే గుడ్డ పరవాలని విమానంవాళ్ల నిబంధన. ఇలారియా కొత్త తువ్వాలు తెచ్చింది. కరీమున్ దాని మీద తన పాత చీర ముక్క పరిచింది. ఆ ఇంట్లో కొన్నాళ్లయినా తన వాసన ఉండాలని నాతో దాచకుండా చెప్పింది. అంతలో వెనక్కి తిరిగి, అక్కడికెళ్లాక ఉతికేస్తారా అని ఇలారియాని అడగమంది. ఉతకనని ఇలారియా మాట ఇచ్చింది.

చెన్నైకి సుమోలో ముగ్గురం వెళ్లాం. క్వారంటైన్ ఆఫీసులో మిషను పెట్టి చూసి, అంకెలు కాగితాలతో సరిచూసి, ముద్ర కొట్టారు. నల్లబీ ఎవరు పట్టుకున్నా పెట్టెలోకి వెళ్లలేదు. కరీమున్ చెవి దగ్గర ఏదో చెప్పి లోపలికి నెట్టింది. విమానాశ్రయం అద్దాల తలుపు దగ్గర ఇలారియా ఆమెని కౌగిలించుకుంది. కరీమున్ చేతులు కిందికే వేలాడుతున్నాయి. ఆ తర్వాత ఒక చెయ్యి లేచి ఇలారియా వీపు మీద రెండుసార్లు తట్టింది. తిరుగు ప్రయాణంలో నెల్లూరు దాకా మదరాసు సాంబారు ఎంత తియ్యగా ఏడ్చిందో చెబుతూనే ఉంది. నెల్లూరు దాటాక పడుకుంది.

ఆరునెలలకోసారి ఫోటోలు వచ్చేవి. నేను ప్రింటు తీసి ఇచ్చేవాణ్ణి. నల్లబీ మంచులో అడుగులేస్తున్నది, ఎర్ర సోఫా మీద నిద్రపోతున్నది. ప్రతిదీ పరీక్షగా చూసి, బలిసింది అనో, బొచ్చు మెరుపు తగ్గింది అనో ఒక వంక పెట్టి, ఆ ఫోటో మాత్రం పోపులడబ్బా కింద దాచుకునేది. రంజాన్‌కి అక్క దగ్గరికి వెళ్లినప్పుడు ఒకటి తీసుకెళ్లి చూపించిందట. జహీరున్నీసా ఫోటో తనకిమ్మని అడిగితే ఇవ్వలేదట.

రెండు వేల తొమ్మిదిలో వచ్చిన ఫోటోలో ఇలారియా లేదు. కిటికీ పక్కన కుర్చీలో తెల్లజుట్టు ముసలామె, ఆమె ఒళ్లో నల్లబీ. ఈవిడెవరని కరీమున్ అడిగింది. ఇలారియా వాళ్లమ్మ, పిల్లి ఇప్పుడు ఆమెని వదలటంలేదట, తను పిలిచినా రావటంలేదని రాసింది, అన్నాను.

కరీమున్ ఫోటోని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసింది.

"అయితే ఆ దొరసాని పిల్లకి కూడా తెలిసొచ్చుంటది ఈపాటికి" అంది. గొంతులో కాస్త జాలి ఉంది, కాస్త సంతోషమూ ఉంది. ఫోటో నాకిచ్చి, అన్నం చల్లారిపోతుంది తిను బాబూ అంటూ చారు గిన్నె తేవడానికి లోపలికి వెళ్లింది.